చప్పుడు దూరని గది

తలుపు మూసుకున్న సంగతి భీమేశ్వరరావుకి చప్పుడును బట్టి తెలియలేదు, చెవుల్లో గాలి ఒక్కసారి బిగుసుకున్నట్టయి తెలిసింది. బరువైన తలుపులు అతనికి కొత్త కాదు. నేవీలో ఉన్న ఇరవయ్యేళ్ళూ ఇంతకంటే మందం తలుపులు, చుట్టూ ఇనుప పిడులు బిగిస్తే నీటిచుక్క కూడా దూరనివి, తెరిచాడు, మూశాడు. కానీ ఏ తలుపు మూసినా దానికి ఇవతలో అవతలో ఒక యంత్రం రంకెలు వేస్తూనే ఉండేది. ఈ సాకేత్ ఆసుపత్రి గదిలో రంకె లేదు, మూలుగు కూడా లేదు. చిల్లులు చిల్లులుగా తెల్ల పలకల గోడలు, ఒక కుర్చీ, నెత్తి మీద హెడ్‌ఫోను, చేతిలో తీగకు వేలాడే చిన్న మీట. కూ అని వినబడగానే నొక్కండి అంకుల్, ఎంత సన్నగా వినబడినా సరే నొక్కండి, అని హిందీలో చెప్పి వెళ్ళింది తెల్లకోటు అమ్మాయి. నలభై మూడేళ్ళకే అంకుల్! ఢిల్లీలో జుట్టు కాస్త పలచబడితే చాలు, మనిషి ఊరందరికీ అంకులైపోతాడు. సరే, అంకులే. ఈ అంకుల్ మీట సరిగ్గా నొక్కితే వచ్చే నెల ముంబయిలో ఓడ ఎక్కుతాడు. సముద్రంలోని చమురు బావులకు సామాను మోసే ఓడ, దాని ఇంజను గదిలో ఉద్యోగం, ఆరేసి నెలలు నీళ్ళ మీదే. నొక్కలేకపోతే నోయిడాలో అపార్టుమెంట్ల కింద, బేస్‌మెంటులో, జనరేటర్లూ నీళ్ళ మోటార్లూ చూసుకుంటూ అక్కడే పడి ఉంటాడు. కళ్ళు, గుండె, బీపీ అన్నీ పాసయ్యాయి. చెవులు ఒక్కటే మిగిలాయి.

ఆ చెవుల సంగతి అతనికి తెలుసు. అందుకే కూర్చోగానే ముందు గోడ మీద ఏముందో చూశాడు. చెవి లోపలి గొట్టాల బొమ్మ ఒకటి ఉంది, అద్దం బిగించిన ఫ్రేములో. లోపలివాడు బయటివాళ్ళ చేతులు చూడకుండా కుర్చీని కిటికీకి పక్కవాటుగా వేశారు గానీ, మనవాడు కాలి మునివేళ్ళతో నేలను తన్ని బెత్తెడు జరిగాడు. ఇప్పుడా అద్దంలో కిటికీ మొత్తం పడుతోంది. మిషను ముందు తెల్లకోటు అమ్మాయి, ఆమె వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో సంచీ పెట్టుకుని మైథిలి. కూత వదిలినప్పుడల్లా ఆ అమ్మాయి కుడి భుజం కొంచెం లేస్తోంది. నేవీలో ఏటేటా జరిగే పరీక్షల్లో తనకు తానే కనిపెట్టుకున్న విద్య ఇది. భుజం లేస్తే నొక్కాలి, అయితే వెంటనే కాదు, ఒక గుటక మింగేంత ఆగి నొక్కాలి. మొదటి కూతలు నిజంగానే వినబడ్డాయి, బొంగురు కూతలు, ఎక్కడో దూరాన ఓడ రేవులోకి వస్తున్నట్టు. తర్వాత అవి సన్నబడ్డాయి, ఇంకా సన్నబడ్డాయి, ఆ తర్వాత కూతలు లేవు, భుజమే ఉంది. భుజం లేచింది, నొక్కాడు. లేచింది, నొక్కాడు. కంటితో వినడం అతనికి ఇవాళ్టి అలవాటు కాదు మరి.

భీమిలి పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకి చిల్కాలో నేవీ శిక్షణకు దిగినప్పుడు హిందీ ముక్క రాదు. సావధాన్ అన్న మాటకు అర్థం తట్టేలోపు పక్కవాడి మడమలు దగ్గరికొచ్చేవి, ఆ మడమలు చూసి తన మడమలు కలిపేవాడు, అరక్షణం ఆలస్యంగా. ఆ అరక్షణానికి శిక్ష, రైఫిలు నెత్తి మీదికెత్తి మైదానం చుట్టూ పరుగు. “రావ్! కాన్ మే తేల్ డాల్!” అని అరిచేవాడు ఇన్‌స్ట్రక్టరు. ఆ జట్టులో రావులు నలుగురు, నలుగురూ ఉలిక్కిపడేవాళ్ళు. తేల్ అంటే నూనె అని తెలుసు, కాన్ అంటే చెవి అని తెలియక, మర్నాడు గుండు నిండా కొబ్బరినూనె దట్టించుకుని ఎండలో మెరుస్తూ నిలబడితే జట్టు జట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అక్కడ ప్రతిదానికీ పీక ఊదేవారు. లేవడానికి, తినడానికి, పడుకోవడానికి ఆ చిన్న లోహపు పీకే, దాని కూత సూది లాంటిది, నిద్రలో ఉన్నవాడిని గుచ్చి లేపేది. ఆ కూత తనకు వినబడడం ఎప్పుడు మానేసింది? తారీఖు తెలియదు. నేవీ వదిలిన రోజు సాగనంపుతూ ఎవరో ఊదారు, ఊదుతున్న కుర్రవాడి బుగ్గలు ఉబ్బడం చూశాడు, చెయ్యి దానంతటదే సెల్యూట్‌కి లేచింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు దేనికో చుట్టూ ఉన్నవాళ్ళకి వేరేలా అర్థమై ఉంటుంది. భుజం లేచింది, నొక్కాడు.

లోనావలా వానల్లో ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకున్నాక ఓడ. ఇంజను గదిలో మొదటి వాచీకి, అంటే నాలుగు గంటల కాపలా డ్యూటీకి, నిచ్చెన దిగుతుంటే చప్పుడు కాళ్ళలోంచి ఎక్కింది, ముందు అరికాళ్ళకి, తర్వాత మోకాళ్ళకి, తర్వాత దవడకి. చెవుల దాకా వచ్చేసరికి అది చప్పుడులా లేదు, అక్కడి వేడిలాగే ఇంకో బరువు. చెవులకు పెట్టుకునే డిప్పలు మేకుకి వేలాడేవి. పెట్టుకోమని గోడ మీద రాసి ఉండేది, పెట్టుకోమని అధికారి చెప్పేవాడు, పెట్టుకునేవారు కూడా, ఆయన ఉన్నంతసేపు. అవి పెట్టుకుంటే యంత్రం గొంతు మారినప్పుడు తెలియదని పాతకాపుల వాదన. బేరింగు పోయే ముందు ఏడుస్తుంది, ఆ ఏడుపు పట్టుకున్నవాడే స్టోకరు, ఇంజను గది మనిషి. భీమేశ్వరరావు పట్టుకునేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెడితే యంత్రం కడుపులో సంగతులన్నీ తలలోకి వచ్చేసేవి. ఇక మనుషుల మాటలంటారా, అక్కడ గొంతుతో పనే లేదు. పిడికిలి తిప్పితే వాల్వు తెరువు, అరచెయ్యి మెడకి అడ్డంగా గీస్తే ఆపు, మణికట్టు మీద రెండు వేళ్ళు వేస్తే ప్రెషరు ఎంత, బొటనవేలు పెదవికి తగిలిస్తే టీ. మిగతాదంతా పెదాలు. మలయాళీ పెదాలు, హర్యానా పెదాలు, బెంగాలీ పెదాలు, ఎవడు బూతులు తిడుతున్నాడో ఎవడు ఇంటి మీద బెంగతో ఉన్నాడో ఇంజనుకి అవతలి వైపు నుంచి చదివేసేవాడు. మనిషికి గుట్టుగా చెవుడు రావాలంటే అంతకంటే మంచి చోటు లేదు. ఎవరికీ ఏమీ వినబడని చోట ఒకడికి వినబడటం లేదని ఎవరికి తెలుస్తుంది? అతనికే తెలియలేదు.

వాచీ దిగాక చెవుల్లో కీచురాయి కూసేది. మొదట్లో స్నానం చేసేలోపు ఆగిపోయేది, తర్వాత్తర్వాత నిద్రపట్టేదాకా, ఆ పైన నిద్రలేచాక కూడా. ఇప్పుడూ కూస్తోంది, ఈ చప్పుడు దూరని గదిలోకి అదొక్కటే దర్జాగా వచ్చి కూర్చుంది. మైథిలి గొంతు సన్నది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు దాన్ని గొప్ప గుణం కింద జమకట్టారు, పిల్ల గొంతు గడప దాటదని మురిసిపోయారు. గడప మాట అటుంచి అది కట్టుకున్నవాడి చెవి కూడా చేరని రోజు వస్తుందని ఎవరనుకున్నారు? ఓడ రేవులో ఆగితే ఫోను, సౌండు నిండా పెంచి చెవిలో కూరుకుంటే మైథిలి విజయనగరం కబుర్లన్నీ చెప్పేది, అచ్చం పక్కన కూర్చున్నట్టే. ప్రణతి పుట్టినప్పుడు అతను ఎక్కడో సోమాలియా దరిదాపుల్లో దొంగపడవల మీద కాపలా తిరుగుతున్నాడు. రేవుకి చేరి ఫోను చేస్తే, “ఇదిగో మీ కూతురు, ఇనండి,” అని పాప ఏడుపు వినిపించింది. విన్నాడు. అప్పటికింకా వినబడేది. సెలవుకి ఇంటికొస్తే ఇంటి నిండా జనం, మా వైపు జనానికి నెమ్మదిగా మాట్లాడడమన్నదే తెలియదు, అందరూ కేకలే, ఆ కేకల్లో సెలవు అయిపోయేది. అలా సంసారం ఫోనులో చక్కగా నడిచిపోయింది. వచ్చిన చిక్కంతా ముగ్గురూ ఒకే కప్పు కిందికి చేరాక వచ్చింది.

ఆఖరి పోస్టింగు ఢిల్లీలో పడింది, నేవీ వదిలాక ఇక్కడే ఉండిపోదాం, పాప చదువు కదపొద్దు అనుకున్నారు, నోయిడాలో రెండు గదుల ఫ్లాటు. మైథిలి వంటగదిలోంచి మాట్లాడుతుంది, కుళాయి తిప్పి, వెన్ను ఇటు పెట్టి. వెన్నుకి పెదాలుండవు కదా. “ఏటండీ, పిలుస్తంటే పలకరేటి?” అని ఎదురుగా వచ్చి నిలబడి అన్నప్పుడు మాత్రమే పిలిచిందని తెలిసేది. ఒకరోజు మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యండని మొహం చూసి మరీ చెప్పి, కింద కూరల బండి దగ్గరికి వెళ్ళింది. అతను హాల్లో బుద్ధిగా కూర్చుని మూడు విజిల్స్ కోసం ఎదురుచూశాడు. వాసన ముక్కుకి తగిలి లేచేసరికి ఇల్లంతా పొగ, కందిపప్పు బొగ్గు, గుమ్మంలో సంచీతో మైథిలి. “ఇంట్లో ఉన్నారా అసలు? సముద్రంలోనే ఉన్నారా ఇంకా?” అంది. తిట్టినా బాగుండేది, ఆ ప్రశ్న నిజంగానే అడిగింది. ఆ క్షణాన చెప్పేయొచ్చు, నాకు వినబడటం లేదే అని నాలుగు ముక్కలు. నోరు రాలేదు. యంత్రం కడుపులో రహస్యాలు విన్న చెవులు కుక్కరు విజిల్ వినలేకపోయాయని పెళ్ళానికి ఎలా చెప్పడం? చెవిటి మొగుడి కంటే పొగరుబోతు మొగుడే నయమనుకున్నాడు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పట్నించి ఆమె పిలవడం తగ్గించింది. తర్వాత మానేసింది. అన్నం పళ్ళెంలో వడ్డించి బల్ల మీద వేలితో రెండుసార్లు తడుతుంది, అంతే.

భుజం లేచింది, నొక్కాడు. భుజం లేచింది. ప్రణతి భుజాలు ఆ రోజు ఎగిరెగిరి పడ్డాయి. స్కూలు నుంచి వచ్చి సంచీ విసిరేసి మంచం మీద బోర్లా పడి ఏడుస్తూ దిండులోకి ఏదో చెప్పుకుపోతోంది, మైథిలి ఇంట్లో లేదు. పిల్ల ఎప్పుడూ తెలుగులో బదులివ్వదు, హిందీ, కాసేపు ఇంగ్లీషు, ఆ మాటల వేగం పెదాలకే అందదు, ఇక దిండులోకి చెబితే ఏం అందుతుంది? పక్కన కూర్చుని వీపు నిమిరాడు. అచ్ఛా అచ్ఛా, అన్నాడు. కోయీ బాత్ నహీ, ఏం పర్లేదు, అన్నాడు. పిల్ల దిండులోంచి తల ఎత్తి చూసింది, ఆ చూపు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. “ఆప్‌నే సునా భీ, పాపా?” అంది. విన్నారా అసలు అని. విన్నానంటూ తలూపాడు, ఊపకుండా ఉండాల్సింది. ఆ ఏడుపు దేనికో, ఎవరేమన్నారో, ఏం పోగొట్టుకుందో అతనికి తెలియదు, మళ్ళీ అడగడానికి దారీ లేదు, విన్నానన్నాడు కదా. అప్పటి నుంచి ఏదైనా అడిగితే “లీవ్ ఇట్ పాపా” అంటుంది. ఆ మూడు మాటలు అతనికి బాగా తెలుసు, వాటికి వినికిడి అక్కర్లేదు. పదమూడేళ్ళ పిల్ల తండ్రిని పక్కన పెట్టేసింది, దానికి బోలెడంత కారణం ఉంది. ఆ తండ్రి మాత్రం ఇంట్లో చుట్టంలా కూర్చుని, గడియారం చూసుకుని, బేస్‌మెంటులోకి దిగిపోతాడు. జనరేటరు ఆన్ చేస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడ అందరూ సైగలే చేస్తారు.

అందుకే ఓడ. పైకి మైథిలితో మంచి ఉద్యోగమనీ చేసిన పనే అనీ చెప్పాడు గానీ అసలు కారణం అతనికి తెలుసు. ఇంజను గదిలో ఎవరికీ ఏమీ వినబడదు, అక్కడ తను లోటున్న మనిషి కాదు. మైథిలి అంతా విని ఎదురుగా నిలబడి, “మీ ఇష్టమండి,” అంది. తర్వాత అటు తిరిగి గిన్నెలు సర్దుతూ ఇంకా ఏదో అంది, భుజాలు కదిలాయి, తల ఒకసారి అడ్డంగా ఊగింది. ఆ ఇంకా ఏదో ఏమిటి? ఇవాళ పొద్దున్న ఒక్కడే బయల్దేరబోతే నేనూ వస్తానని చెప్పులేసుకుంది. “ఏ స్టేషన్లో దిగుతారో ఏటో, మొన్నట్లాగ చివరిదాకా పోతారు,” అంది, లిఫ్టులో, అతని మొహం చూడకుండా, కానీ లిఫ్టు అద్దంలో కనబడింది. మెట్రోలో పక్కపక్కనే కూర్చున్నారు. హౌజ్‌ఖాస్‌లో రైలు మారాల్సి వచ్చినప్పుడు చొక్కా చెయ్యి పట్టి లాగింది. లాగిన చోట ఇస్త్రీ నలిగింది, నలిగిన ఆ మడత ఇప్పటికీ ఉంది. అక్కడ వేలు పెట్టి నిమురుకున్నాడు, భుజం లేచిందో లేదో చూడలేదు, కంగారుగా నొక్కేశాడు.

తప్పు నొక్కితే ఇక్కడ ఒక గుర్తు పడుతుంది, ఓడలో తప్పితే మనిషి పోతాడు. ఆ ఆలోచన రానివ్వకూడదనుకున్నాడు, వచ్చింది. ఇంజను గదిలో మంటలు లేస్తే గది మొత్తం గ్యాసుతో నింపి ఆర్పేస్తారు, ఆ గ్యాసులో మంట బతకదు, మనిషీ బతకడు, అందుకని ముందు గంట మోగిస్తారు, గంట వినబడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి నిచ్చెన ఎక్కెయ్యాలి. ఆఖరి ఓడలో ఒకసారి ఉత్తుత్తి కసరత్తు జరిగింది. గంట మోగింది, అందరూ ఎక్కేశారు, భీమేశ్వరరావు పంపు వెనక వంగి స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని బేరింగు ఏడుపు వింటున్నాడు. తోటి స్టోకరు రఘురామ్, గుంటూరువాడు, తలలు లెక్కపెట్టుకుని వెనక్కి దిగి వీపు మీద ఒక్క చరుపు చరిచి నిచ్చెన వైపు తోశాడు. పైకొచ్చాక కాలరు పట్టుకుని, “నిజంగా గ్యాసొస్తే ఏందిరా నీ గతి? నీ కోసం దిగిన నా గతేంది?” అన్నాడు. బేరింగు చూస్తున్నాలేరా, అన్నాడు భీమేశ్వరరావు, నవ్వాడు కూడా. ముంబయి ఓడలో రఘురామ్ ఉండడు. వీపు చరచడానికి దిగేవాడికి ఇంట్లో పెళ్ళాం పిల్లలు ఉంటారు. ఇదంతా తెలిసే మీట పట్టుకుని కూర్చున్నాడు. మనిషి ఎంత బరితెగిస్తాడో చూడండి, ఇంట్లో ఇద్దరి మధ్య కూర్చోలేక ఎవరి ప్రాణాన్నో అడ్డం పెట్టడానికి సిద్ధపడ్డాడు.

అద్దంలో తెల్లకోటు భుజం లేచింది. ఒక గుటక, నొక్కాడు. ఆ అమ్మాయి తల తిప్పి అతన్ని చూసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, ఊరికే భుజం మాత్రం ఎగరేసింది. చేతులు ఒళ్ళో ఉన్నాయన్నది అతను గమనించేలోపే వేలు మీట మీద పడిపోయింది. పిల్ల గడుసుది. కోప్పడలేదు, వెనక్కి తిరిగి మైథిలిని దగ్గరికి రమ్మంది. ఇద్దరి మొహాలూ అద్దంలో చెవిబొమ్మ మీద పడ్డాయి. భీమేశ్వరరావు పెదాల మీదే చూపు నిలిపాడు. ఇన్‌కో కబ్ సే నహీ సునాయీ దే రహా, అంటున్నాయి ఆ అమ్మాయి పెదాలు, ఈయనకి ఎప్పట్నించి వినబడటం లేదని. మైథిలికి అర్థం కాలేదు. తన హిందీలో నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది కనక ఒక్కో మాటా అతనికి కనబడింది. “సుంతే హై. జవాబ్ నహీ దేతే.” వింటారు, జవాబివ్వరు. ఆ అమ్మాయి అడ్డంగా తలూపింది. మిషను మీద ఏదో గీత చూపించి, వేలితో దాన్ని కిందికి, ఇంకా కిందికి లాగింది. మైథిలి ఆ గీతను చూసింది, ఆ అమ్మాయిని చూసింది, తర్వాత కిటికీలోంచి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆమె కుడిచెయ్యి లేచి నోటికి అడ్డం పడింది, ఆ చేతి వెనక ఏమందో, ఏమీ అనలేదో, ఎంత చదువుదామన్నా కుదరలేదు. పొగరుబోతు మొగుడి వేషం అక్కడితో ఊడిపోయింది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి, ఆ సిగ్గు అడుగున ఒక పెద్ద బరువు దిగిన హాయి కూడా ఉంది, దాన్ని చూసి ఇంకా సిగ్గుపడ్డాడు.

తెల్లకోటు అమ్మాయి తలుపు తెరిచి లోపలికొచ్చి ఎదురుగా వంగి, ఆప్‌కీ మదర్ టంగ్ క్యా హై అంకుల్, అంది. తెలుగు, అన్నాడు. కూతలతో ఏమీ తేలలేదు, మాటలతో చూస్తాను, మామూలు గొంతుతో చెప్పినవాటిలో సగమన్నా తిరిగి చెబితే సంతకం పెట్టేస్తాను, అంది హిందీలో. మా దగ్గర హిందీ మాటలే ఉన్నాయి, తెలుగు లేవు, తెలుగు ఆంటీ బోల్ దేంగీ, ఆంటీయే చెబుతారు. కుర్చీని కిటికీకి పక్కవాటుగా సరిచేసి, తలుపు బిగించి వెళ్ళింది. అలవాటు మానుతుందా, మునివేళ్ళు మళ్ళీ నేలను తన్నాయి, అద్దంలోకి మళ్ళీ కిటికీ వచ్చింది. మైకు ముందు మైథిలి. ఆ అమ్మాయి ఏదో మీట పెద్దగా తిప్పింది, భీమేశ్వరరావు తలలోకి, రెండు చెవుల మధ్య, సరిగ్గా నడిమధ్యకి, ఒక గొంతు వచ్చింది. “పాలు,” అంది.

పాలు, అన్నాడు. ఇది ఎవరి గొంతు? ఫోనులో వినే గొంతు కాదు. ఇందులో ఒక జీర ఉంది, చివర్న కాస్త అలసట ఉంది, మాట వదిలాక చిన్న ఊపిరి ఉంది. మైథిలి గొంతు ఎప్పుడు మారింది? ఒకే కప్పు కింద ఉండి ఆమె గొంతుకి వయసు రావడం తెలియకపోయింది. “గొడుగు.” గొడుగు. “చీపురు.” చీపురు. ఆమె ఇల్లంతా తిరుగుతోంది, కళ్ళు మూసుకుంటే కనబడుతోంది, బాల్కనీ నుంచి వంటగది దాకా. “తలుపు. తువ్వాలు. కుక్కరు.” కుక్కరు అన్నాక ఆగింది, ఆగిన ఆ ఊపిరి కూడా వినబడింది. కుక్కరు, అన్నాడు. “పాప,” అంది. పాప, అన్నాడు. ఇలా ఇంకో గంట ఇదే కుర్చీలో కూర్చోబెట్టి మాటల తర్వాత మాటలు చెబుతుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది. తెల్లకోటు అమ్మాయి మీట తగ్గించింది. గొంతు గోడ అవతలికి వెళ్ళింది. ఇంకా తగ్గించింది. ఇప్పుడు లోపల కీచురాయి, అద్దంలో పెదాలు, అంతే. ఆ అమ్మాయి మైథిలి వైపు తిరిగి చెబుతున్నది అద్దంలో చదివాడు, ఇదే మామూలు గొంతు లెవెలు, ఆయనకి వినబడకపోవచ్చు ఆంటీ, మీరు ఆపకండి.

మామూలు గొంతు. ఇంట్లో ఇన్నాళ్ళూ మైథిలి మాట్లాడింది ఇదన్నమాట, ఈ శూన్యం. పెదాలు కలిసి విడిపోయాయి. మామిడి అయి ఉంటుంది. మామిడి, అన్నాడు. మైథిలి తలూపింది. నోరు తెరుచుకుని నాలిక దాచుకుంది, ఏమీ పట్టుబడలేదు, ఊరుకున్నాడు. పెదాలు కలిశాయి, బొమ్మ, అన్నాడు, తలూపింది. కొన్ని పోయాయి, కొన్ని దొరికాయి. ఇరవయ్యేళ్ళ విద్య ఊరికే పోదు. హెడ్‌ఫోనులో ఒక్కసారి సౌండు పెరిగి తెల్లకోటు అమ్మాయి గొంతు వచ్చింది. “అంకుల్, బస్ ఏక్ ఔర్. ఇదొక్కటి చెబితే సగం అయిపోతుంది, మీరు ఫిట్.” మళ్ళీ శూన్యం. ఒక్క మాట. ముంబయి, నిచ్చెన, అరికాళ్ళలోంచి ఎక్కే చప్పుడు, సైగలు, ఎవరూ ఎవరినీ పలకవేమని అడగని చోటు, అన్నీ ఒక్క మాట దూరంలో ఉన్నాయి. అద్దంలోకి కళ్ళార్పకుండా చూశాడు.

మైథిలి మైకుని చూడటం లేదు. కిటికీలోంచి అతన్నే చూస్తోంది. ఆయనకి వినబడదని ఇప్పుడే కదా తెలిసింది, వినబడదన్న ధైర్యంతోనే కాబోలు, ఇల్లంతా వెతికి తెచ్చే మాటలన్నీ వదిలేసి, పెదాలు సున్నా చుట్టి, విడదీసి, గట్టిగా కలిపి, మళ్ళీ సున్నా చుట్టింది. బేరింగు ఏడుపు కంటే స్పష్టంగా తెలిసింది అతనికి. ఉండిపోండి. గిన్నెలు సర్దుతూ అటు తిరిగి అన్నది ఇదేనా? ఎన్నిసార్లు అంది? తెల్లకోటు అమ్మాయికి తెలుగు రాదు, ఆమెకి ఇదీ మామిడి లాంటి మాటే, పెన్ను పట్టుకుని అతను తిరిగి చెప్పడం కోసం ఎదురుచూస్తోంది. చెబితే పాస్. ఆ ఒక్క మాటా పలికితే ఓడ, పలికినందుకే వెళ్ళిపోవచ్చు. నోట్లో ఆ మాట నాలుక మీదే ఉంది, బరువుగా, పూర్తిగా.

మైథిలి ఇంకోసారి అంది. ఉండిపోండి. ఈసారి కింది పెదవి వణికింది.

భీమేశ్వరరావు నోరు మూసుకున్నాడు. ఆమె మాటకి బదులు చెప్పకపోవడం అతనికి అలవాటే, కానీ ఇంత కష్టపడి ఎప్పుడూ ఊరుకోలేదు, దవడలు నొప్పి పుట్టాయి. “సునాయీ దియా, అంకుల్?” అని హెడ్‌ఫోను అడిగింది. అడ్డంగా తలూపాడు. నహీ, అన్నాడు, పైకి, అందరికీ వినబడేలా. “నహీ. వినబడలేదు.” అమ్మాయి పెన్ను కదిలింది. మైథిలి తల దించుకుంది, వినబడలేదనే అనుకుంది. హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని అతను కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగాడు, అద్దాన్ని వదిలేసి, తిన్నగా ఆమె మొహంలోకే చూస్తూ, ఆమె ఎప్పుడు తలెత్తుతుందా అని ఎదురుచూశాడు.